యాన్బు అల్ నఖల్ ఊటల కోసం

శుక్రవారం పొద్దున ఆరు గంటలకు యాన్బులోని మా క్వార్టర్స్ నుంచి బయలుదేరాను. ఉద్యోగం ముగిసి, దేశం వదిలి వెళ్లే ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు చేతికొచ్చాయి. వచ్చే వారమే విమానం. యాన్బు అల్ నఖల్ అనే ఈ ఒక్క ఊరు చూడకుండా సౌదీ వదలాలనిపించలేదు.

గల్ఫ్ యుద్ధం రోజుల్లో కిటికీలకు టేపులు అంటించుకుని, రేడియో పెట్టుకుని ఇంట్లోనే కూర్చునేవాళ్లం, నేనూ నా భార్య సుభద్రా. అప్పుడు కంపెనీ లైబ్రరీలో పాత ఇంగ్లీషు గెజెటీర్ ఒకటి దొరికింది. అందులో యాన్బు అల్ నఖల్ గురించి పేజీన్నర ఉంది. రాసినాయన ఇంగ్లండు పల్లెల్ని నమోదు చేసే పద్ధతిలోనే దీన్నీ రాశాడు. ఊటలు ఎక్కడున్నాయి, కాలువలు ఎటు పారతాయి, సంతలో ఏమేం అమ్ముతారు. ఖర్జూరాలు, తేనె, గోరింటాకు.

"ఈ ఎండలో పారే నీళ్లా? చూస్తేగానీ నమ్మను" అంది సుభద్ర.

యుద్ధం ముగిశాక ఆమెకు జబ్బు చేసింది. కిందటేడు చనిపోయింది. ఆ నీళ్లు ఆమె బదులు నేను చూడాలని ఈ ప్రయాణం.

ఆ ఊరికి బస్సు లేదు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన లింగన్న పికప్ నడుపుతాడు. రానూపోనూ ఎనభై రియాళ్లకు ఒప్పుకున్నాడు. దారిలో కొట్లు తక్కువ, నీళ్లు వెంట ఉంచుకోవాలి.

"గా ఊర్ల ఏమున్నదని సార్?" అన్నాడు సముద్రం కనుమరుగయ్యాక.

"ఊటలున్నాయట. పుస్తకంలో చదివాను."

"పుస్తకం రాసినాయన ఎన్నడో పోయుంటడు. ఊటలు మీ కోసం ఆగుతయా?" అని నవ్వాడు.

ఏడున్నరకు చేరాం. ఖర్జూర తోటలు సగం ఎండిపోయాయి. రాతి కాలువ ఒకటి కనిపించింది, అడుగున పగుళ్లిచ్చిన మట్టి. దాని వెంటే ఊట దాకా నడిచాను. గుంటలో రాళ్లున్నాయి. చెయ్యి పెట్టి చూస్తే తడి తగల్లేదు. లింగన్న ఈసారి నవ్వలేదు.

బండిలో తిరిగి వస్తుంటే ఓ ఇంటి ముందు పందిరి కింద మగవాళ్లు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఒక ముసలాయన చెయ్యి ఊపి పిలిచాడు.

"కాఫీ తాగకుంట పోనియ్యరు సార్, దిగుండ్రి" అని లింగన్న బండి ఆపాడు.

ఖర్జూరాలు, చిన్న కప్పుల్లో చేదు కాఫీ ఇచ్చారు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. లింగన్న నా చెవి దగ్గరికి వంగాడు. "ముసలాయన భార్య సచ్చిపోయిందట సార్. మొన్ననే."

కాసేపు కూర్చున్నాను. తర్వాత ఇద్దరం లేచి మాట్లాడకుండా వచ్చేశాం. చావు జరిగిన ఇంట్లో వెళ్లొస్తానని చెప్పం కదా.

బండి కదలబోతుంటే ముసలాయన పెద్ద పెద్ద అంగలతో వచ్చి కిటికీ పట్టుకున్నాడు.

"కోపమైండు సార్. సలాం జెప్పకుంట ఎందుకు పోతున్నరు, మా కాఫీల ఏం తప్పైందని అడుగుతుండు."

"మా దగ్గర ఇలాంటి ఇంట్లో మళ్లీ వస్తామనే మాట రాకూడదని చెప్పు. నా భార్య పోయినప్పుడు మా ఇంటికొచ్చినవాళ్లూ ఇలాగే వెళ్లారని చెప్పు."

లింగన్న అరబ్బీలో నేను చెప్పినదానికంటే చాలా ఎక్కువే చెప్పాడు. "ఊటల ముచ్చట గూడ జెప్పిన. ఏమనుకోకుండ్రి."

ముసలాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత బండెక్కి, దారి చూపిస్తూ తన తోటకు తీసుకెళ్లాడు. అక్కడ డీజిల్ మోటారును తనే తిప్పి స్టార్ట్ చేశాడు. గొట్టంలోంచి నీళ్లు పాత రాతి కాలువలో పడి చెట్ల మొదళ్ల వైపు పారాయి.

"ఊట కిందికి దిగిందట సార్. నీళ్లు గవేనట."

చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి. సుభద్ర ఉంటే చెప్పులు విప్పి అందులో దిగేది.

వచ్చేటప్పుడు ముసలాయన కదలకుండా నిలబడి నా వైపు చూశాడు. సలాం చెప్పాను. తర్వాత తెలుగులో కూడా అన్నాను, "వెళ్లొస్తాం" అని.

పదకొండుకల్లా యాన్బు చేరాం. ఆ ఊరు వెళ్లేవాళ్లకు రెండు మాటలు. గెజెటీర్‌లో రాసిన ఊటలు ఇప్పుడు కనిపించవు, నీళ్లు మాత్రం ఉన్నాయి. ఎవరైనా కాఫీకి పిలిస్తే కూర్చోండి. లేచేటప్పుడు చెప్పి రండి.