నన్ను బయట కూర్చోమన్న డాక్టరమ్మ

మా సాలూరు ఇంట్లో అసలు ఓనరు నేనేనని మా ఆయన అంటుంటారు. ఆయన కొట్టు చూసుకుంటారు. లారీలూ, లారీల మీది మనుషులూ నా పెత్తనం. ఈ నోటి ముందు ఎవరూ నిలవరు. అలాంటిది విజయనగరంలో ఒక డాక్టరమ్మ నా నోరు మూయించింది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒకచోట కుదురుగా కూర్చోలేను.

మా పాత డ్రైవరుకి కుడికాలి బొటనవేలి మీద పుండు పడింది. షుగరు. ఊళ్ళో చూపిస్తే మాత్రల మోతాదు పెంచారు. మళ్ళీ పరీక్ష చేస్తే తగ్గలేదు సరికదా, ఇంకా పైకెక్కి కూర్చుంది. మళ్ళీ పెంచారు. పుండు నల్లబడటం మొదలైంది. ఇలాగే ఉంటే వేలు తియ్యాల్సిందేననీ, ఆ పైన కాలి సంగతి చెప్పలేమనీ అన్నారు. కుడికాలు పోయినవాడు లారీ ఏం తోలతాడు? వాడిది నా వయసే. నేను కోడలిగా వచ్చిన ఏడాదే మా దగ్గర చేరాడు. నేనింక ఆగలేకపోయాను. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, నేనే కారు తోలుకుంటూ విజయనగరం తీసుకెళ్ళాను.

వాడు చెప్పులు గది బయటే విడిచేశాడు. లోపలికెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా పెద్దమ్మాయి వయసుంటుంది. "మీరు కూర్చోండి" అంది. ఎవరినో అంటోందనుకుని వాడు వెనక్కి తిరిగి చూశాడు. నాకు నవ్వాగలేదు.

"ఒరే, నిన్నేరా" అన్నాను. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏసుకుంతన్నానమ్మా."

"రోజూ వేసుకుంటాడండీ. మందులు నేనే తెప్పించి చేతికిస్తాను" అని నేను అందుకున్నాను.

"టిఫిన్ తిన్నాకే కదా?"

"మా దగ్గర తిండికి లోటు లేదండీ" అన్నాను.

"కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం ఏమన్నా ఉందా?"

వాడు నా వంక చూశాడు. "నేదమ్మా. అంతా బాగానే ఉన్నాది."

"గుండ్రాయిలాంటి మనిషండీ!" అన్నాను.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "మేడమ్, మీరు కాసేపు బయట కూర్చోండి."

నన్ను! ఫోను మీద ఫోను చేసి ఈవిడ దగ్గర టైము పుచ్చుకుని, ఇంత దూరం వాడిని లాక్కొచ్చిన నన్ను! "వాడికి మాట్లాడటం రాదండీ. ఏమడిగినా అలాగేనంటాడు" అన్నాను. "అందుకేనండీ" అంది ఆ పిల్ల, నవ్వు చెరగకుండా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. విసురుగా బయటికొచ్చి తలుపు పక్క కుర్చీలో కూలబడ్డాను. తలుపు సరిగ్గా పడలేదు. చెవి అటే పెట్టాననుకోండి, తప్పా? నా పక్కన చంటిబిడ్డతో కూర్చున్నావిడ కూడా ఓ చెవి అటే వేసింది.

డాక్టరమ్మ మాత్రల ఊసే ఎత్తలేదు. లారీ ఎక్కడిదాకా వెళ్తుందని అడిగింది. కొరాపుట్ అన్నాడు. ఘాటు రోడ్డు ఎలా ఉంటుందంది. అంతే, వాడి గొంతే మారిపోయింది! మా ఇంట్లో ఊఁ, ఆఁ తప్ప పలకని మనిషి మలుపు మలుపూ వర్ణిస్తున్నాడు.

"మరి టిఫిన్ ఎక్కడ తింటారు?"

"ఘాటు కింద ఎవుడు తింతాడమ్మా! కడుపు నిండితే కునుకొస్తాది. కునుకొచ్చిందంటే లోయలోకే. మా డ్రైవర్లందరం అంతే, పైకెక్కీసినాకే కూడు."

నేను కుర్చీలోంచి సగం లేచాను. ఈ సంగతి నాకు తెలియనిదా? లారీల ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసే, తిండికి లోటు లేదని దంచేశాను.

"ఖాళీ కడుపుతో మాత్ర వేస్తే ఏమైంది?"

"ఓపాలి ఏసినానమ్మా. సగం ఘాటులో సేతులు ఒణికిపోనాయి. కళ్ళు మసకలు కమ్మీసినాయి. బండి పక్కకాపీసి, బెల్లమ్ముక్క నోట్లో ఏసుకుంటే గానీ పానం కుదుట పడనేదు. అప్పుట్నించీ ఘాటెక్కే రోజున మాత్ర ముట్టుకోను. నెలంతా ఘాటే కదమ్మా మరి."

"ఈ మాట మీ ఊరి డాక్టరుకి ఎందుకు చెప్పలేదు?"

"అంతటోలు ఏసుకుంతన్నావా అనడిగితే, నేదని ఎలాగంతామమ్మా?"

"పోనీ, మేడమ్‌కి?"

"అమ్మగోరికా! సేతులొణుకుతన్నాయని సెప్తే, తెల్లారేసరికి బండి తాళం ఇంకోడి సేతిలో ఉంతాది."

చంటిబిడ్డ తల్లి నన్ను ఎగాదిగా చూసింది. నేను తలుపు తోసుకుని లోపలికెళ్ళి, "ఒరే! నీ తాళం ఎవడు తీసుకుంటాడ్రా!" అని అరిచాను. వాడు దిగ్గున లేచి మళ్ళీ గోడకి అతుక్కున్నాడు.

"ఇప్పుడే కదండీ ఆయన సరిగ్గా కూర్చున్నది" అంది డాక్టరమ్మ. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు పక్కకి జరిగాను.

ఆ పిల్ల వాడిని మళ్ళీ కూర్చోబెట్టింది. మాత్ర మార్చింది. పుండు మానేదాకా లారీ వద్దంది, మానాక కూడా షుగరు దారికొచ్చేదాకా ఘాటు వద్దంది. చెప్పినట్టు వింటే వేలు దక్కుతుందంది. నాకు గంతెయ్యాలనిపించింది! అప్పుడు వాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అనుకుంటాను, ఒక డాక్టరుని ఎదురు ప్రశ్న అడిగాడు. "ఏ ఏళకి తినాల, ఏ ఏళకి ఎయ్యాల, ఇంకోపాలి సెప్పమ్మా. నాకు అరదం కానేదు." ఆవిడ చెప్పింది. వాడు మళ్ళీ అడిగాడు! వాడడుగుతుంటే నాకు పండగలా ఉంది.

తిరుగు దారంతా నేను వాగుతూనే ఉన్నాను. కాలు మానాక చదును రోడ్డు మీది రాజాం లోడు నీకే, ఘాటు బండి ఇంకెవడైనా తోలతాడు, నీ జీతం నీదేనని. వాడు ఊఁ కొడుతున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"అవున్రా, ఇన్నేళ్ళ మనిషివి. నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"సెప్తే ఏటి సేద్దురమ్మగోరూ?"

వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దును, అందామని నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం వేరు.

"తాళం తీసేసుకుందునురా" అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. అంత నవ్వు వాడిలో ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇదిగో, ఇప్పుడు మీరూ నిజం సెప్పినారు" అన్నాడు.