కిందినుంచి నడిచిన మేడమ్

బంగారుపేట స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా మా మేడమ్ తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందప్పా. తెల్లారేసరికి నిద్రలోనే పోయింది" అన్నాడు. రైలు వచ్చి వెళ్లిపోయింది. నేను బెంచీ మీదే కూర్చుండిపోయాను. ఆమె దగ్గర చదువుకున్న అందరికీ ఆమెంటే భయం. నాకూ భయమే. అయినా ఆ పొద్దున నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

ఆమె తాత చిత్తూరు వైపునుంచి బంగారు గనుల్లో పనికి వచ్చినవాడట. ఆమె మాత్రం ఇంజనీరింగ్ కాలేజీలో నీటి ప్రవాహాల పాఠం చెప్పారు. రిటైరయ్యాక, నేను పనిచేసే కాలువల డిజైన్ల ఆఫీసుకు సలహాలివ్వడానికి వచ్చేవారు. సలహా అంటే మెత్తగా చెబుతారని అనుకునేరు! ఆమె గేటు దగ్గర కనబడితే చాలు, మేం టీ కప్పులు కూడా దాచేసేవాళ్లం.

ఆ మధ్య ఆ బంగారు గనుల ఊళ్లోనే, కేజీఎఫ్‌లో, పాత గని కార్మికుల ఇళ్ల వరుసలకు వాననీటి కాలువలు కట్టే పని వచ్చింది. ఆ వరుసలను అక్కడ లైన్లంటారు. ఏ లైను మునుగుతుందో మేం కంప్యూటర్లో లెక్క కట్టి చూపాలి. మునుగుతుందని తేలిన లైనుకే కొత్త కాలువ.

ఆ లెక్కకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది తేలిక. నీరు పైనుంచి కిందికే పోతుందని నమ్మేసి, మనం కాఫీ తాగి వచ్చేలోపు జవాబిస్తుంది. రెండోది, కింద నిండితే నీరు వెనక్కి ఎగదన్నుతుందన్న సంగతి కూడా చూస్తుంది. కానీ అది మహా మొండిది. గంటలు తింటుంది, చిన్న తేడా వస్తే అంకెలన్నీ చెదిరిపోతాయి. రిపోర్టుకు గడువు దగ్గరపడుతోంది. మేం తేలికదాన్నే పట్టుకున్నాం. అన్నిటికన్నా పల్లంలో ఉన్న కింద లైను పొడిగా ఉన్నట్టు మ్యాపు వచ్చింది.

మేడమ్ మ్యాపు చూసి కళ్లద్దాలు పైకి నెట్టారు. "కింద లైను ఎండి ఉండాదే! యాడనుంచి వచ్చిందప్పా దానికి ఈ అదృష్టం?"

"రెండో పద్ధతి నిలవడం లేదు మేడమ్. పిచ్చి అంకెలిస్తోంది" అన్నాను.

"సరే. ఇంగ లెయ్యండి, పోయి చూద్దాం."

కాలువను ఎప్పుడూ చివరినుంచి పైకి నడుస్తూ చూడాలని ఆమె పట్టు. కాలేజీలో కూడా మమ్మల్ని అట్లాగే నడిపించేవారు, ఎండయినా వానయినా. ఆ రోజూ చివర నీళ్లు బయటికి పోయే మోరీ దగ్గర మొదలుపెట్టాం. గనుల వ్యర్థం పోసిన సైనైడ్ దిబ్బనుంచి కొట్టుకొచ్చిన మట్టి ఆ మోరీలో సగం దాకా పేరుకుని ఉంది. దాని పక్కనే లైనులో ఆఖరి ఇల్లు. వాకిలికి అడ్డంగా మోకాలెత్తు రాతిగోడ కట్టి ఉంది. దాన్ని దాటుకునే లోపలికి పోవాలి. మేడమ్ ఆ గోడ మీద చతికిలబడ్డారు.

"ఎండిన ఇంటికి గోడ ఎందుకప్పా?" అన్నారు. ఆ ఇంటి ఇల్లాలు నవ్వి, "కాఫీ తాగుతారామ్మా?" అంది. గోడ మీదే కూర్చుని మేడమ్ తీరిగ్గా కాఫీ తాగారు.

తర్వాత వారమంతా ఆమె నా పక్కన కుర్చీ వేసుకుని, వేయించిన శనక్కాయలు వొలుచుకుంటూ ఆ మొండి లెక్కను దారికి తెచ్చారు. "పొట్టి గొట్టాలు చంటిపిల్లోళ్ల మాదిరి, ఒక చోట నిలవవు. రెండేసి కలిపెయ్. అడుగు చిన్నది చెయ్యప్పా, ఇంగా చిన్నది." గొట్టాలంటే లెక్కలో కాలువను విడగొట్టిన ముక్కలు, అడుగంటే లెక్క ఒక్కోసారి ముందుకు జరిగే కాలం. అంకెలు కుదుటపడ్డాయి. కింద లైను మొత్తం మ్యాపులో నీలంగా, అంటే మునిగినట్టు, మారింది. ఆఫీసులో సణుగుళ్లు మొదలైతే, "లెక్క తొందరగా అయ్యిందని నీళ్లు తొందరగా పోతాయా?" అని ఒక్క మాటన్నారు. ఆ లైను పేరు రిపోర్టులోకి ఎక్కింది.

కాలువ పూర్తయ్యేసరికి ఆమె ఆసుపత్రిలో ఉన్నారు. వరండాలో గోడ పట్టుకుని నడుస్తూ, "నేనూ అడుగు చిన్నది చేసినానప్పా" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "మొదటి పెద్దవాన పడినాక కింద లైనుకు పోయి చూసిరా. ఎట్లుండాదో నాకు చెప్పాల" అన్నారు. తప్పకుండా చెబుతానన్నాను.

దహనం జరిగిన మర్నాడు మధ్యాహ్నం వాన కుండపోతగా పడింది. గొడుగు తీసుకుని పోయాను. మోరీ దగ్గరనుంచే నడక మొదలుపెట్టాను, వేరేలా నడవడం నాకు చేతకాదు. కొత్త కాలువలో నీళ్లు ఎర్రగా, జోరుగా కిందికి పోతున్నాయి. కాలువనుంచి ఆఖరి ఇంటి వాకిట్లోకి ఒక్క చుక్క రాలేదు. ఫోను జేబులోంచి తీశాను. ఎవరికి చెప్పాలి?

ఆ ఇంటాయన, ఇంక అక్కర్లేదని, వాకిలి గోడను గునపంతో పెకలిస్తున్నాడు. ఇల్లాలు నన్ను చూసి, "మేడమ్ రాలేదాప్పా?" అంది. చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి వైపు తిరిగి, "ఆ రాయి ఇడిసిపెట్టు. ఆయమ్మ కూచున్నది దాని మీదే" అంది.

ఆయన గునపం పక్కన పెట్టాడు. వాకిలి పక్కన ఆ ఒక్క రాయీ వానకు తడుస్తూ ఉండిపోయింది. దాని ముందునుంచి నీళ్లు కిందికి పోతూనే ఉన్నాయి.