చిన్నాయన రాణి, నేను ఆమె గొంతు

మొన్న మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంటే మా మనవరాలు టీవీ పెట్టింది. నేను అత్తగారి వేషం వేసిన సీరియల్ వస్తోంది. ఆ అత్త కోడలి మీద కళ్లెర్రజేసి, మెటికలు విరిచి, నోరు తెరిచింది. తెరిచిన నోరు నాది. వచ్చిన గొంతు నాది కాదు. నా మాట మోటుగా ఉందట, చూసేవాళ్లకు అర్థం కాదట, అందుకని ఇంకెవరో ఆవిడ చేత చెప్పించారు. నాకు ముందే చెప్పారు లెండి, కానివ్వండి అని నేనూ తలూపాను. మనవరాలికి మాత్రం నవ్వు ఆగలేదు. "అమ్మమ్మా, నువ్వు పుట్టినకాన్నుంచి ఎన్నడన్న గిట్ల మాట్లాడినవా?" అని దొర్లి దొర్లి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూండగానే అరచేతులు తడిశాయి, గుండె దడదడమంది. బీపీ మాత్ర వేసుకోమని అది పరుగున నీళ్లు తెచ్చింది. పిచ్చిపిల్ల, అది బీపీ కాదని దానికేం తెలుసు? ఒకరి నోరు కదులుతుంటే మరొకరి గొంతు వినబడితే, ఇంత వయసొచ్చినా, ఎవరో నన్ను పట్టుకోవడానికి వస్తున్నట్టే ఉంటుంది నాకు.

మాది కట్టంగూర్ దగ్గర పల్లె. రజాకార్ల కాలం పోయి, ఊళ్లు కాస్త ఊపిరి పీల్చుకున్నాక మా వైపు మళ్లీ నాటకాలు జోరందుకున్నాయి. మా బాపుకు ఒక్కడే తమ్ముడు, మా చిన్నాయన. పొద్దున నాగలి పట్టేవాడు, పొద్దు వాలితే రాణి అయ్యేవాడు. అప్పట్లో మా వైపు నాటకంలో ఆడవేషం మగవాడే వేయాలి. సంసారుల ఇంటి ఆడపిల్ల రంగమెక్కితే ఆ ఇంటి నీళ్లు కూడా ఎవరూ తాగరు. చిన్నాయన దాని కోసం జుట్టు నడుము దాకా పెంచాడు. ఆ జుట్టుకు మా అవ్వ, అంటే బాపు తల్లి, ఆముదం రాసి, దువ్వి, ముడి వేసేది. "ముగ్గురు ఆడబిడ్డల్ని కంటే ఒక్కదాని జుట్టన్న గింతుందా" అని మురిసేది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ మా చిన్నాయనను పేరుతో పిలిచేవారు కాదు. రాణి వస్తోంది, రాణి జొన్నలు కోస్తోంది, రాణి ఎద్దుకు కాలు విరిగింది అనేవారు. ఆయనకు అదే గొప్ప. తిండి లేకపోయినా ఉండగలడు గానీ ఆ పేరు లేకపోతే ఉండలేడు.

అటువంటి మనిషికి ఒక వానాకాలం పెద్ద జ్వరం వచ్చింది. మనిషి లేచాడు, గొంతు లేవలేదు. మాట్లాడితే ఫరవాలేదు, రాగం ఎత్తితే మాత్రం మధ్యలో పగిలిన కుండలా రెండు ముక్కలయ్యేది. వాము, మిరియాలు, తేనె, ఎవరేది చెబితే అది మింగాడు. ఏమీ కాలేదు. కొట్టంలో గడ్డి మీద కూర్చుని ఆయన ఏడవడం నేను చూశాను. మగవాడు ఏడిస్తే చూడటం అదే మొదలు, నాకు భయం వేసి పారిపోయాను. ఇదంతా ఇట్లా ఉండగా, ఒకనాడు కందిచేలో పిట్టలను తోలుతూ నేను ఆయన పద్యాలే గొంతెత్తి పాడుతున్నాను. చిన్నప్పటినుంచి కొట్టంలో ఆయన సాధన చేస్తుంటే గోడ ఇవతల విని నేర్చినవే అన్నీ. వెనక్కి తిరిగితే గట్టు మీద చిన్నాయన నిలబడి ఉన్నాడు. నా పాటకు మురిసిన కళ్లు కావవి. బావిలో పడ్డవాడికి తాడు కనబడితే చూసే చూపు అది.

అట్లా మొదలైంది మా దొంగతనం. రంగానికి ఓ పక్క తెర చాటున హార్మోనియం మాస్టారు కూర్చుంటాడు. ఆయన పక్కన వేషాల పెట్టె. పెట్టె వెనక నేను, నా వెనక కాపలాగా మా అవ్వ. బయట చిన్నాయన చేతులు తిప్పుతాడు, లోపల నేను పాడతాను. మరి పెదవుల సంగతి? దానికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. పద్యం రాగానే రాణికి దుఃఖం ముంచుకొచ్చి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అడవిలో ఏడ్చే పద్యానికి అది సరే. తోటలో పూలు కోస్తూ సంతోషంగా పాడే పద్యానికీ కొంగే, మొగుడితో సరసమాడే పద్యానికీ కొంగే! జనం అది కొత్త ఫ్యాషన్ అనుకున్నారు. ఆ ఏడు మా వైపు నాటకాల్లో ఏ రాణిని చూసినా కొంగు నోట్లో కుక్కుకుని పాడేది. మాస్టారు, నేను నవ్వలేక చచ్చేవాళ్లం.

నవ్వు అంతవరకే. తక్కిన వేళంతా నాకు భయం. ఆ సంగతి మాస్టారుకు, అవ్వకు, మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. అమ్మకు కూడా తెలియదు. మేనత్త ఇంటికనో, మొక్కు ఉందనో చెప్పి అవ్వ నన్ను బండెక్కించేది. తెలిస్తే ఏమవుతుందో బాపు ముందే చెప్పి ఉన్నాడు. ఆయన మాటల మనిషి కాదు. తమ్ముడు నాటకాల్లో చేరినప్పటినుంచి అతనితో కలిసి అన్నానికి కూర్చోలేదు. ఒక పండగనాడు నేను పొయ్యి దగ్గర సన్నగా రాగం తీస్తుంటే విని, అమ్మతో అన్నాడు: "మా ఇంట్ల ఒకడు చీర కట్టిండు, సాలు. ఇంకొకరు గా తెర దిక్కు సూస్తే కాళ్లిరుగుతయ్." కోపంగా కూడా అనలేదు, చల్లగా అన్నాడు. బాపు చల్లగా ఏదన్నా అంటే చేసి తీరతాడని మా ఇంట్లో కుక్కకు కూడా తెలుసు. ఇక ఆ పైన నేను తెర చాటున పాడిన ప్రతి పద్యం కాళ్లు తడుముకుంటూ పాడిందే.

ఆ ఎండాకాలం రామన్నపేటలో సంత రోజున పందిరి వేసి పగలే నాటకం పెట్టారు. బాపు ఎడ్ల కోసం నల్లగొండ పోతున్నానని తెల్లవారకముందే వెళ్లిపోయాడు కాబట్టి మేం నిబ్బరంగా బండెక్కాం. పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు. అడవిలో రాణి విలపించే పద్యం నేను ఎత్తుకున్నాను. ఎందుకోగానీ ఆ రోజు గొంతు ఎక్కడా తడబడకుండా సాగింది. ముగించేసరికి పందిరి ఎగిరిపోయేటట్టు "వన్స్ మోర్!" అని కేకలు. అది మామూలే. మళ్లీ పాడదామని ఊపిరి తీసుకుంటుండగా, ముందు వరసలో మంచం వేసుకు కూర్చున్న ముసలి పటేలు చెయ్యెత్తాడు. ఆయన చేతిలో వెండి పతకం. మా దగ్గర ఆచారం ఏమిటంటే, ఎవరు పతకం కడితే వన్స్ మోర్ వాళ్లది. వాళ్లు ఎట్లా పాడమంటే అట్లా పాడాలి. కాదంటే ఆ ఊళ్లో మళ్లీ ముఖం చూపలేం.

"మస్తు పాడితివే రాణీ," అన్నాడు పటేలు. "నాకు సగమే ఇనవడ్డది. ఈ ఎడమ చెవు జర మంచిగున్నది. కిందికి దిగొచ్చి గీ చెవు కాడ పాడు."

పాపం ఆ ముసలాయన మనసులో ఏ కపటమూ లేదు. చెవుడు, అంతే. జనం "దిగు, దిగు" అని ఈలలు. చిన్నాయన ఒక్కసారి తెర వైపు చూశాడు. ముఖాన వేసిన తెల్లరంగు మీద చెమట గీతలు గీతలుగా కారుతోంది. ఇంకేం చేస్తాడు, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మెట్లు దిగాడు. నోరు పటేలు చెవి దగ్గర, గొంతు పది గజాల అవతల! నేను తెరకున్న చిరుగులో కన్ను పెట్టాను, ఏం చేస్తాడో చూద్దామని. నాకు కనబడింది చిన్నాయన కాదు. జనానికి వెనక, పందిరి గుంజకు ఆనుకుని, తలకు తువ్వాల చుట్టుకుని బాపు నిలబడి ఉన్నాడు. నల్లగొండ పోయినవాడు ఇక్కడెందుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. సూటిగా ఆ చిరుగు వైపే చూస్తున్నాడు.

నా నాలుక అంగిటికి అంటుకుపోయింది. మాస్టారు హార్మోనియం మీద పద్యం ఎత్తుగడ వాయించాడు. నేను ఎత్తుకోలేదు. మళ్లీ వాయించాడు, నా వైపు కళ్లతో బతిమాలాడు. గొంతులోంచి గాలి కూడా రాలేదు. అక్కడ పటేలు చెవి ఒగ్గి కూర్చున్నాడు, చిన్నాయన కొంగు పట్టుకు నిలబడ్డాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు మా చిన్నాయన నేను ఎన్నటికీ మరవలేని పని చేశాడు. నోటి మీది కొంగు తీసేసి, తన సొంత గొంతుతో ఎత్తుకున్నాడు. మొదటి పాదంలోనే అది విరిగింది. జనం ఘొల్లుమన్నారు. "ఏందిరా, రాణి నోట్ల కప్పలున్నయా!" అని ఎవడో అరిచాడు. ఆయన ఆపలేదు. నేను బయటపడకుండా ఉండటానికి, అన్నేళ్ల పేరు అందరి ముందూ నేల మీద పోసుకుంటూ, పగిలిన గొంతుతో రెండో పాదం కూడా పాడుతున్నాడు.

నేను అప్పుడు ధైర్యం చేశానని ఎవరైనా అంటే నమ్మకండి. నా వీపు మీద మా అవ్వ చెయ్యి పడింది. "నా కొడుకును నవ్వుతుండ్రే ముండా కొడుకులు! పో, సస్తే పాడి సావు!" అని ఒక్క తోపు తోసింది. తెర పక్కకు తొలగి, నేను రంగం మీద బోర్లా పడబోయి నిలదొక్కుకున్నాను. ఎట్లా మెట్లు దిగానో, ఎప్పుడు ఎత్తుకున్నానో గుర్తు లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, ఏ క్షణాన కాళ్ల మీద కట్టె పడుతుందో అని ఒళ్లంతా బిగబట్టుకుని, ఆ ముసలాయన చెవిలో పద్యం మొత్తం పాడాను. నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. కళ్లు తెరిచేసరికి పటేలు పతకం పట్టుకుని ఎవరికి కట్టాలో తెలియక మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. "నా అన్న బిడ్డ, దానికే కట్టుండ్రి," అన్నాడు చిన్నాయన. నేను పతకం చూడలేదు. గుంజ వైపు చూశాను. అక్కడ బాపు లేడు.

కొట్టడానికి మనిషి ఎదురుగా ఉంటే ఒక భయం, లేకపోతే వేయి భయాలు. ఇంటికి చేరేసరికి బాపు వాకిట్లో ఎడ్లకు కుడితి పెడుతున్నాడు. తల ఎత్తకుండా అవ్వను అడిగాడు: "పోరి అన్నం తిన్నదా?" అంతే. ఆ రాత్రి కాదు, ఆ నెలంతా నేను దెబ్బ కోసం ఎదురుచూశాను. దెబ్బ వచ్చినా ప్రాణం కుదుటపడేది. రాలేదు.

ఆ తరవాతి నాటకానికి బాపే బండి కట్టాడు. "నడువుండ్రి," అన్నాడు, ఎవరితోనో చెప్పినట్టు. చిన్నాయన జుట్టు కత్తిరించుకుని మంత్రి వేషంలోకి దిగాడు, పాట లేని వేషం. రాణిని నేనయ్యాను. ఆడవేషం ఆడదే వేస్తోందట అని నల్లగొండ నుంచి పాలమూరు దాకా బండ్లు కట్టుకుని వచ్చారు, సగం మంది వినడానికి, సగం మంది తిట్టడానికి. వచ్చిన సంబంధాలు వచ్చినట్టే పోయాయి. చివరకు తబలా కొట్టే మనిషే దొరికాడు నాకు. రేడియో, పట్నం, టీవీ, సీరియళ్లు, అవన్నీ తరవాతి మాట. నేను రాణి వేషం వేసిన ఏళ్లన్నీ ప్రతి నాటకానికీ బాపు వచ్చేవాడు. జనం వెనక బండి మీద కూర్చునేవాడు. అయితే వీపు నావైపు, ముఖం బాట వైపు, మోకాళ్ల మీద అడ్డంగా కట్టె. ఒక్కసారి, ఒక్క పద్యానికైనా ఇటు తిరగలేదు. దీపాల వెలుగులో వేయి ముఖాలు కనిపించినా నాకు కనబడేది ఆ వీపే. ఇవాళ ఎక్కడన్నా తప్పితే అది లేచి వచ్చేస్తుందని వణుకుతూ పాడేదాన్ని. ఆ వణుకునే గమకమని మెచ్చుకున్న పెద్దమనుషులు కూడా ఉన్నారు.

పంతొమ్మిదివందల అరవైలు ముగిసే ముందు బాపు మంచం పట్టాడు. నల్లగొండ దవాఖానలో చూపించి, లాభం లేదంటే ఇంటికి తెచ్చాం. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తూ, ఇంక దాచుకుని ఏం చేసుకోవాలని అడిగేశాను. "బాపూ, ఒక్కనాడన్న నా దిక్కు మొహం పెట్టి సూడకపోతివి. గంత కోపమా?"

"కోపం ఎక్కడిది బిడ్డా," అన్నాడు. "గా నాడు రామన్నపేటల నీ గొంతు ఆగింది సూడు, నా పానం పోయినంత పనైంది. గుంజ కాడ నిలవడలేక బండ్ల ఎనకకు పోయి కూలవడ్డ. మల్ల యాడ ఆగుతదోనని బుగులు. సూడనీకె నాతోని కాకపాయె. అందుకె అటు తిరిగి ఇనేటోణ్ణి."

"మరి కట్టె?"

"నువ్వు ఆగితే ఎవడన్న నవ్వుతడు గద. నవ్వినోణ్ణి కొట్టనీకె."

నేను గంజి గ్లాసు కింద పెట్టి, చిన్నపిల్లలా ఆయన గుండె మీద పడి ఏడ్చాను. నాకు ఆయనంటే భయం, ఆయనకు నా గొంతు ఆగుతుందని భయం. ఇద్దరం ఒకే పందిట్లో అన్నేళ్లు వణికాం, ఒక్కరోజు కూడా ఆ మాట చెప్పుకోలేదు. ఆయన పోయాక ఎన్నో పెద్ద వేదికల మీద పాడాను, కెమెరాల ముందు నిలబడ్డాను, అక్కడ ఒక్కనాడూ భయం వేయలేదు. వేస్తే బాగుండుననిపించేది. పాడేటప్పటి నా భయాన్ని కాలం తీసేసింది నిజమే గానీ, నా కోసం భయపడే మనిషిని కూడా దానితోనే పట్టుకుపోయింది.