ఎర్రదారం కట్టిన చక్రం

ఆ ఇంట్లో ముందుగది మొగుడిది, వెనక వసారా పెళ్లానిది. ముందుగదిలో కుట్టుమిషను, నిలువుటద్దం, కొలతల పుస్తకం, చేతులు లేని చొక్కాలు. వెనక వసారాలో వంకరపోయిన కారు చక్రాలు. కొలతలు ఇవ్వడానికి కొత్తగా వచ్చినవాళ్లు వెనకనుంచి ఠంగుమని మోత వినిపిస్తే ఉలిక్కిపడేవారు. టైలరు నోట్లో గుండుసూదులు తియ్యకుండానే, "ఏం లేదండీ, మా ఆవిడ పనిలో ఉంది" అనేవాడు. ఆ మాటలో ఎంత గర్వం ఉందో గుండుసూదుల సందుల్లోంచి కూడా తెలిసిపోయేది.

ఆవిణ్ణి చుట్టుపక్కల డ్రైవర్లందరూ సొట్టల పిన్ని అంటారు. మొదట ఎగతాళికి పెట్టిన పేరే అది. ఆడమనిషి చక్రాలు సరిచేయడమేమిటని నవ్విన నోళ్లే, ఇప్పుడు గుంతలో పడి ఎవరి చక్రమైనా వంకరపోతే "ముందు పిన్నికి చూపించు" అంటున్నాయి. నోళ్లకేం, ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. చక్రం తిన్నగా తిరగాలంటేనే ఒడుపు కావాలి.

ఆ ఒడుపు ఆమెకి కూర్చోబెట్టి నేర్పినవాళ్లు లేరు. బస్సుల డిపోలో, టైర్ల షెడ్డులో పదిహేడేళ్లు చీపురు పట్టింది. "అడ్డం లే" అని సొట్టలు తీసే మేస్త్రీ కసిరితే లేచి పక్కకి జరిగేది, జరిగిన చోటు నుంచి ఇంకా బాగా కనిపించేది. ఏ సొట్టకి ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ ఆపాలో అలా చూసి చూసి కంఠతా పట్టేసింది. ఆ షెడ్డు మూతపడి ఇంటికొచ్చిన ఏడాది, మరిది తన కారు చక్రం వంకరపోయిందని పాత ఇనుప సామాన్లవాడికి వేసేయబోతుంటే "ఇలా పడెయ్" అంది. పారేసేదే కదా అని ఇచ్చాడు. నాలుగు రోజుల తరవాత అది తిన్నగా తిరుగుతుంటే నోరు వెళ్లబెట్టి చూశాడు. అంతకుముందు రెండు చక్రాలు ఆమె చేతిలో నాశనమైన సంగతి మాత్రం ఇప్పటికీ అతనికి తెలియదు.

ఆమె పనిముట్లు చూస్తే ఏ షాపువాడైనా నవ్వుతాడు. పాత గేటు ఇనుముతో చేయించిన చట్రం, ఒక జాకీ, ఒక గ్యాస్ మంట, ఒక సబ్బు. సబ్బు చేతులు కడుక్కోవడానికి కాదు. అల్యూమినియం కలిసిన అల్లాయ్ చక్రాన్ని వేడిచేసేముందు సొట్ట దగ్గర సబ్బుతో ఒక గీత రుద్దుతుంది. ఆ గీత ముదురు గోధుమరంగుకి తిరగ్గానే మంట తీసేస్తుంది. ఇంకాస్త కాలిస్తే లోహం నీరసపడుతుంది, కాల్చకుండా ఒత్తితే విరుగుతుంది. తరవాత జాకీతో ఒత్తడం. ఒత్తడమంటే ఒక్క ఊపున కాదు, కొంచెం ఒత్తి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ కొంచెం. సరయిందో లేదో చూడటానికి మొగుడి కుట్టుసూదినే చెక్కముక్కకి గుచ్చి, సూదిమొన చక్రం అంచుకి దగ్గరగా పెట్టి చక్రాన్ని తిప్పుతుంది. సూదికీ అంచుకీ మధ్య కాగితమంత సందు చుట్టూ ఒకేలా ఉండాలి. ఒక్కచోట పెరిగినా తరిగినా చక్రం మళ్లీ చట్రంలోకే.

ఇంత చేసినా ఆమె దృష్టిలో అది సగం పనే. అసలు పని పగులు ఉందో లేదో చూడటం. వెంట్రుకంత పగులైనా ఉంటే ఆ చక్రం రోడ్డెక్కకూడదు, ఎవరు బతిమాలినా సరే. "కొంచెం అతుకు పెట్టి ఇచ్చెయ్ పిన్నీ" అని గునిసినవాళ్లకి ఒకటే జవాబు.

"అతుకు కావాలంటే ముందుగదిలో మా ఆయన ఉన్నారు. చొక్కాలకి వేస్తారు."

పగులు కంటికి కనిపించదు. అందుకని చక్రానికి కిరసనాయిలు పూసి కాసేపు ఉంచుతుంది. ఆపైన పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, మొగుడి సుద్దబిళ్లని కత్తితో గీకి ఆ పొడి చల్లుతుంది. పగులుంటే, అందులో దాక్కున్న కిరసనాయిలుని సుద్ద పైకి పీల్చేస్తుంది. తెల్లటి పొడిమీద తడిగీత బయటపడుతుంది. గీత పడితే పెయింటుతో ఇంటూ కొట్టి వెనక్కిచ్చేస్తుంది. గీత పడకపోతే, గాలి కొట్టే వాల్వు మొదట్లో మొగుడి ఎర్రదారం మూడు చుట్లు చుట్టి ముడి వేస్తుంది. ఆ ముడి కనిపిస్తే పాతకారు కొనేవాళ్లు కూడా ఇక చక్రాల మాట ఎత్తరు. చీపురు పట్టిన చేతికి ఊళ్లో ఆ మాత్రం పరువు దక్కినందుకు ఆమె లోలోపల ఎంత పొంగిపోయేదో, పైకి అంత చిటపటలాడుతూ తిరిగేది.

ఆ పరువు పెరగడంలో సగం పుణ్యం హారన్‌ది. అతను అద్దెకారు డ్రైవరు. మనిషి మంచివాడే, నోటితో చెప్పాల్సిందంతా హారన్‌తో చెబుతాడు, అందుకే ఆ పేరు. బయటివాళ్లలో ఆమెకి మొదటి చక్రం ఇచ్చింది అతనే. మిగతా డ్రైవర్లని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిందీ అతనే.

ఆ రోజు పొద్దున్నే హారన్ గుమ్మం ముందు మోత మొదలుపెట్టాడు. ఎడమ ముందు చక్రం అంతకుముందురోజే గుంతలో పడి వంకరపోతే, టైరు విప్పించి ఆమెకి ఇచ్చి వెళ్లాడు. పదిగంటలకి ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని కొండదారి ఎక్కాలి. సొట్ట తీయడం అయింది, సూది పరీక్ష అయింది, కిరసనాయిలు పూసి తుడవడం అయింది. ఇక పొడి చల్లడమే మిగిలింది.

"పిన్నీ! అయిందా?" ఈసారి నోటితోనే అరిచాడు, హారన్ కూడా ఆపకుండా.

"నీ హారన్ పీకి పారేస్తానురోయ్! రెండు నిమిషాలాగు!"

మిషను పక్కనున్న డబ్బాలోంచి సుద్దబిళ్ల తీసి గీకింది. ఎప్పటిలా మెత్తటి పొడి రాలలేదు, పొట్టు పొట్టుగా రాలింది. వేళ్లకి జిడ్డుగా తగిలింది. చేతికి కిరసనాయిలు ఉండిపోయిందేమో అనుకుంది. బయట హారన్, ఇంట్లో మిషను, చెవుల్లో రొద. పొట్టునే నలిపి చల్లింది. గీత పడలేదు. ఎర్రదారం చుట్టి ముడి వేసి ఇచ్చేసింది. హారన్ పక్కవీధిలోనే టైరు ఎక్కించుకుని, చక్రం బిగించుకుని చక్కా పోయాడు.

మరో ముప్పావుగంటకి ఆమె చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. టైలరు కొత్తబొమ్మ దొరికిన పిల్లాడిలా వెలిగిపోతున్నాడు.

"ఇదిగో, ఇలా చూడవే" అంటూ గుడ్డమీద సుద్దగీత గీసి, దానిమీద ఇస్త్రీపెట్టె ఒకసారి నడిపించాడు. గీత మాయమైంది. "కొత్తరకం సుద్ద. దులపక్కర్లేదు, ఉతకక్కర్లేదు. నిన్ననే తెచ్చాను."

"మాయం ఎలా అయింది?"

"మైనంతో చేస్తారట. వేడి తగలగానే కరిగిపోతుంది."

మైనం నూనెని పీల్చదు. పొద్దున ఆ చక్రానికి నిలువునా పగులున్నా గీత పడి ఉండేది కాదు.

"పాత సుద్ద ఏదండీ?"

"అయిపోయింది. ఆ డబ్బాలోనే ఇది వేశాను. ఏం?"

సంగతేమిటో చెప్పింది. టైలరు మొహంలో వెలుగు పోయింది. "పగులు లేకపోవచ్చు కదే" అన్నాడు.

"లేకపోవచ్చు. కానీ లేదని ముడేసి ఇచ్చాను కదా. చూడకుండానే."

వెంటనే హారన్‌కి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. ఎత్తడు. బండి నడుపుతూ ఫోన్ ఎత్తావంటే నా గుమ్మం తొక్కకు అని వాడిచేత ఒట్టు వేయించింది ఆమే. జన్మలో ఎవరి మాటా వినని మనిషి ఆ ఒక్క మాటే విన్నాడు!

ఇంకో మాట కూడా వింటే బాగుండు అనుకుంది. చక్రం బిగించాక ఇరవై కిలోమీటర్లు నడిపి, బోల్టులు మళ్లీ బిగించుకోవాలని ప్రతివాడికీ చెబుతుంది. ఇరవై కిలోమీటర్లంటే సరిగ్గా కొండదారి మొదట్లో ఉన్న గాలి షాపు. మనుషుల్ని ఎక్కించుకుని, సామాన్లు కట్టుకుని బయల్దేరేసరికి హారన్‌కి ఎలాగూ ఆలస్యమవుతుంది. అక్కడ ఆగితే దొరుకుతాడు. ఆగకుండా కొండెక్కేస్తే ఆ బండిలో ఉన్నవాళ్లంతా తను ముడేసిన దారాన్ని నమ్ముకుని లోయ పక్కన పోతుంటారు.

"స్కూటరు తియ్యండి" అంది, కిరసనాయిలు సీసా, పొడిగుడ్డ, కత్తెర సంచిలో వేసుకుంటూ.

టైలరు స్కూటరు నడిపితే పక్కనుంచి సైకిళ్లు వెళ్లిపోతాయి. పట్టుగుడ్డమీద కుట్టు వేస్తున్నంత నిదానం. ఆ రోజు మాత్రం మనిషికి ఏం పూనిందో, ఆమె రెండుసార్లు కళ్లు మూసుకోవలసి వచ్చింది. దారి పొడుగునా "సుద్ద నాదే, తప్పు నాదే" అని గొణుగుతూనే ఉన్నాడు.

గాలి షాపు ముందు తెల్లకారు కనిపించింది. హారన్ కింద కూర్చుని బోల్టులు బిగిస్తున్నాడు. అది చూసి ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది. షాపు నీడలో మరో నలుగురు డ్రైవర్లున్నారు, అందులో ఇద్దరి బండ్లకి ఎర్రదారాలు. కారులో ఒక పెద్దాయన, ఆయన భార్య, ఒళ్లో పసిపిల్లతో వాళ్ల కూతురు.

టైలరు స్కూటరు ఆపి చెవిలో అన్నాడు. "వాణ్ణి పక్కకి పిలు. రంగు వెయ్యడం మర్చిపోయాననో ఏదో చెప్పి విప్పించు. ఇంతమందిలో చెప్పావంటే పన్నెండేళ్ల పేరు పోతుందే. కాదంటే నా మీద పెట్టు."

"సుద్ద మీది. ముడేసిన చెయ్యి నాది" అంటూ దిగింది.

హారన్ తలెత్తి పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. "చూశావా పిన్నీ, ఆగి బిగిస్తున్నా. చెక్ చెయ్యడానికి ఇంతదూరం వచ్చావా?"

"ఆ చక్రం విప్పరా."

"ఎందుకు? వెన్నలా పోతోంది. దారం కూడా ఉందిగా."

ఆమె గొంతు తగ్గించలేదు. నీడలో ఉన్నవాళ్లక్కూడా వినబడేలా చెప్పింది. "పొద్దున నేను చేసిన పరీక్ష తప్పు. సుద్ద మారింది, చూసుకోలేదు. చేతికి జిడ్డు తగిలినా ఆగలేదు. పగులుందో లేదో నాకు తెలీదు. తెలీకుండానే దారం కట్టాను."

ఆమె వంగి, సంచిలోంచి కత్తెర తీసి, అందరూ చూస్తుండగా ఎర్రదారం తెంపేసింది. పన్నెండేళ్లలో తను వేసిన ముడి తను తెంపడం అదే మొదలు.

హారన్ స్టెప్నీ దించి, చక్రం విప్పి ఆమె ముందు పెట్టాడు. ఆమె కిరసనాయిలు పూసింది, ఆగింది, తుడిచింది. అప్పుడు గుర్తొచ్చింది, సుద్ద లేదు. అంత కంగారులో సుద్ద సంగతే మర్చిపోయి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

టైలరు జేబు తడుముకున్నాడు. అరిగిపోయిన సుద్దముక్కల్ని పారెయ్యకుండా చొక్కాజేబులో వేసుకోవడం అతని అలవాటు. చొక్కా ఉతికిన ప్రతిసారీ ఆమె దానికి తిట్టిపోసేది. ఇప్పుడు అదే జేబులోంచి గోరంత ముక్క బయటికొచ్చింది. పాతది, మట్టిసుద్ద. ఆమె దాన్ని కత్తెర మొనతో గీకింది. మెత్తటి పొడి రాలింది.

అందరూ వంగి చూశారు. మొదట ఏమీ లేదు. కాసేపటికి, లోపలి అంచున, ఆమె ఒత్తిన చోటే, తెల్లటి పొడిలో సన్నటి తడిగీత మెల్లగా పాకింది. వేలి పొడుగుంది.

హారన్ నేలమీద చతికిలబడ్డాడు. కారులోంచి దిగిన పెద్దాయన ఆ గీత చూసి, కొండదారి వైపు చూసి, ఆపైన మండిపడ్డాడు. "పసిపిల్లున్న బండికి ఇలాంటి చక్రం వేస్తారా? ఎవరు బాగుచేశారు దీన్ని?"

ఆమె నోరు తెరిచేలోపలే హారన్ లేచి నిలబడ్డాడు.

"మా పిన్ని సార్. ఎవరూ అడక్కుండానే ఇరవై కిలోమీటర్లు వెనక పడి వచ్చి విప్పించింది చూశారే, ఆవిడే."

పెద్దాయన భార్య కారు కిటికీలోంచి ఆమెకి చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఎటు చూడాలో తెలియక ఆమె కత్తెర తుడవడం మొదలుపెట్టింది.

నీడలో ఉన్న డ్రైవర్లలో ఒకడు దగ్గరికొచ్చాడు. అతని బండికీ దారం ఉంది. ఇక తన పని అయిపోయిందనే అనుకుంది ఆమె.

"పిన్నీ, నాది పోయిన నెల చేశావు. అప్పుడు పాత సుద్దేనా?"

"పాతదే."

"అయితే సరే" అని వెళ్లి తన టైర్లకి గాలి కొట్టించుకున్నాడు. రెండోవాడు ఆ మాత్రం కూడా అడగలేదు.

తిరిగొస్తుంటే స్కూటరు మళ్లీ పట్టుగుడ్డ నిదానానికి వచ్చేసింది. ఆమె మొగుడి వీపుకి తల ఆనించి ఏడ్చింది. భయం తీరిన ఏడుపే గానీ, అందులో అవమానం లేదు. ఇల్లు చేరేలోపు కళ్లు తుడుచుకుని, "ఆ మైనం సుద్ద డబ్బా నా వసారా వైపు వచ్చిందంటే చెబుతాను మీ సంగతి" అని కూడా అంది.

పగిలిన చక్రాన్ని టైలరు తలుపు వెనక పెట్టబోతే ఆమె ఒప్పుకోలేదు. ముందుగదిలో నిలువుటద్దం పక్కనే మేకు కొట్టించి వేలాడదీసింది. పగులు చుట్టూ సుద్దతో గీత, పైన తెగిన ఎర్రదారం. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు, బట్టలు కుట్టే గదిలో ఈ చక్రమేమిటని. వేరే ఏ ప్రశ్నకైనా టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకునే జవాబు చెబుతాడు. దీనికి మాత్రం ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టి, నోరంతా ఖాళీ చేసుకుని చెబుతాడు.

"ఆ దారం మా ఆవిడే తెంపిందండీ. నలుగురి ముందూ."