దెబ్బ పడితే కోత

స్టూడియోలో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. ఫిల్మును నిజంగానే కత్తెరతో కోసి అతికించే రోజుల్లో ఈ పనిలోకి వచ్చింది. కత్తెర పోయి కంప్యూటరు వచ్చినా పేరు మాత్రం అలాగే అంటిపెట్టుకుని ఉండిపోయింది. పాటల వీడియోలు కూర్చడంలో ఆమెది తిరిగిన చెయ్యి. డ్రమ్ము దెబ్బ పడిందంటే అక్కడ కోత పడాల్సిందే. ఒక దెబ్బకి నడుము, ఒక దెబ్బకి పెదవి, ఇంకో దెబ్బకి ఎగిరే జుట్టు. చూసేవాడి కన్ను పక్కకి పోకూడదంటే అదే మార్గమని గురువు నేర్పాడు. ఇన్నేళ్లలో ఎందరు అమ్మాయిలను అలా ముక్కలు చేసిందో ఆమెకే లెక్క తెలియదు. వాళ్ల ముఖాల్లో ఒక్కటీ గుర్తు లేదు.

ఈసారి పాట ఇంటి పిల్లది. చెల్లెలి కూతురు, ఇంట్లో అందరూ పొట్టి అని పిలుస్తారు. తనే రాసింది, తనే పాడింది, తనే ఆడింది. పాటల్లో ఆడవాళ్లను ఎలా చూపిస్తారో దాన్నే ఎగతాళి చెయ్యాలని దాని తాపత్రయం. ఒక చరణంలో తల ఎత్తని పెళ్లికూతురు, ఇంకో చరణంలో నవ్వుతూ అంట్లు తోమే ఇల్లాలు, చివర్లో సిగరెట్టు ముట్టించే వగలాడి. మూడు వేషాలూ తనవే. మొదటి వీడియోతో ఏ ముద్ర పడితే ఇక ఎప్పటికీ అదేనని దానికీ తెలుసు. "జనం మొదట నవ్వాలి, ఆ తర్వాత సిగ్గుపడాలి పెద్దమ్మా. ఇక నీ చేతిలో ఉంది" అని అప్పగించి వెళ్లింది. సాయంత్రానికి పాటల కంపెనీకి పంపాలి.

మధ్యాహ్నానికే పని ముగించి, అన్నం డబ్బా తెచ్చిన భర్తకు వేసి చూపించింది. ఆయన కన్నార్పకుండా చూశాడు. మన పొట్టి ఇంత అందగత్తె అని ఇన్నాళ్లూ గమనించనే లేదన్నాడు. పాటలో ఏం చెప్పిందని ఆమె అడిగింది.

"ఏమో, మాటల మీదికి ధ్యాస పోలేదు" అన్నాడాయన, డబ్బా మూత తీస్తూ.

ఆమె అన్నం పక్కన పెట్టేసింది. ఆయన వెళ్లగానే శబ్దం ఆపేసి చూసింది. ఎగతాళి అంతా మాటల్లోనే ఉండిపోయింది. తెర మీద మాత్రం నడుము, పెదవి, జుట్టు. పెళ్లికూతురు, ఇల్లాలు, వగలాడి ముగ్గురూ ఒకే తీరున తునకలై ఉన్నారు. పిల్ల వెక్కిరించాలనుకున్న వీడియోనే తను మళ్లీ ఒకటి తయారు చేసింది. కావాలని చేసింది కాదు, చెయ్యి చేసుకుపోయింది.

లేచింది, కూర్చుంది, కిటికీ తెరిచింది, మూసింది. టీ చల్లారిపోయింది. చివరికి ఆ కూర్పును అలాగే పక్కన ఉంచి, షూటింగులో తీసినదంతా మొదటి నుంచి చూసుకుంటూ పోయింది. అంట్లు తోమే చోట ఒక పొడుగాటి ముక్క దొరికింది. చేతులు నొప్పెట్టి పొట్టి భుజం వాలిపోతోంది, నవ్వమన్నారు కాబట్టి నవ్వు మాత్రం పెదాల మీద అలాగే అతికి ఉంది. అది నటన కాదు, అలసట. ఆ ముఖాన్ని చరణం పొడవునా అలాగే ఉంచింది. దెబ్బ పడినప్పుడల్లా వేలు మీట మీదికి ఉరికింది. కుదరక, కుడిచేతిని తొడ కింద పెట్టుకుని చూసింది. తక్కిన రెండు చరణాల్లోనూ అంతే చేసింది.

సాయంత్రం పొట్టి వచ్చి, రెండు కూర్పులున్నాయని విని రెండూ చూస్తానంది. మొదటిది చూస్తున్నంతసేపూ దాని ముఖం వెలిగింది. రెండోది చూశాక గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

"ఇందులో నేనేం బాగాలేను పెద్దమ్మా."

"బాగాలేవు."

"అలా ఒప్పేసుకుంటే ఎలా? కాస్త కాదనొచ్చుగా."

"కాదంటే అబద్ధమని నీకే తెలుస్తుంది, మొదటిదే పంపమంటావు."

పొట్టి గదిలో అటూ ఇటూ తిరిగింది. తను ఎన్నేళ్లుగానో అద్దంలో చూసుకుంటూ కోరుకున్న రూపం ఆ మొదటి దాంట్లో ఉంది. ఆ సంగతి కత్తెరమ్మకు తెలుసు.

"పెళ్లికూతురి దగ్గర ఒక్క కోత వెయ్యవా? ఒక్కటే."

"వేస్తే, వగలాడి దగ్గర ఇంకోటి అంటావు."

"అంటాను" అని ఒప్పుకుంది పొట్టి. ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. పొట్టి వంగి, రెండోదాన్ని తనే పంపేసింది.

కాసేపటికి కంపెనీ ఆయన ఫోను. పొరపాటున కొయ్యని ముక్క పంపినట్టున్నారే అన్నాడు. కత్తెరమ్మ ఫోను పొట్టి చేతిలో పెట్టింది.

"పొరపాటేం లేదండీ. పాట అదే" అంది పొట్టి.

అవతలి మనిషి ఔననలేదు, కాదనలేదు. రేపు చూద్దామని పెట్టేశాడు. పెద్దమ్మ ఆటో పిలుస్తానంటే పొట్టి వద్దంది, కుదురుగా కూర్చోలేనంది. ఇద్దరూ నడిచే బయల్దేరారు. పెద్దమ్మ వెనకబడినప్పుడల్లా పొట్టి ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోతూనే ఉంది.