నీళ్లు కొరికే అత్త

కోసిగిలో ఉండే మా మేనత్త నీళ్లను తాగే ముందు కొరికి చూస్తుంది. కర్నూలులో మా ఇంటికొచ్చినప్పుడల్లా ఫిల్టర్ నీళ్లు పుక్కిట పట్టి, దవడలాడించి, "పంటికేమీ తగల్లేదప్పా" అనేది.

లైబ్రరీలో చదివినవాణ్ణి గనుక, ఫిల్టరు కాల్షియం, మెగ్నీషియం లాగేస్తుందనీ, అవి పాలలో, రాగుల్లో దొరుకుతాయనీ చెప్పాను. ఆమె మొదటి ముక్కే విన్నది. పోయిన ఎండాకాలం వాళ్ల బోరు నీళ్లు క్యానుతో తెచ్చుకుంది. అవి అయిపోయాక, కళ్లు తిరుగుతున్నా మా నీళ్లు ముట్టలేదు.

నా భార్య ఆ క్యానులో ఫిల్టర్ నీళ్లే నింపి, "మీ ఊర్నించి బస్సులో పంపినారమ్మా" అంది.

అత్త కొరికింది.

"సూడప్పా, పంటికి ఎట్ల తగులుతాండాయో!" అంటూ చెంబెడు తాగేసి, నాకూ ఓ గ్లాసిచ్చింది.

నేనూ కొరికాను.

"అవునత్తా, కాల్షియం శానా ఉండాది."