మీటరు దూరంలో మా అత్తగారు

మొన్న థైరాయిడ్ పరీక్షకని విజయవాడలో ఆసుపత్రికి వెళితే, అక్కడే రేడియేషన్ లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్న మా బావమరిది కూతురు నన్ను తన గదిలోకి తీసుకెళ్ళి, రేడియేషన్ మందు రోగి ఒంట్లో ఎక్కడెక్కడ చేరిందో, కిడ్నీకెంత తగిలిందో, గడ్డకెంత తగిలిందో కంప్యూటరు మీద రంగురంగుల్లో చూపించింది. ముప్పై ఏళ్ళు అదే పని చేసి రిటైరైన వాణ్ణి కదా, తెలిసినట్టే తల ఊపాను గానీ, నిజం చెప్పొద్దూ, సగం అర్థం కాలేదు.

మా రోజుల్లో ఒంట్లోకి తొంగిచూసే భాగ్యం ఎక్కడిది? థైరాయిడ్ క్యాన్సరు రోగికి రేడియో అయోడిన్ తాగించి, మందపాటి గోడల గదిలో ఒంటరిగా ఉంచి, రోజూ ఉదయం నేలమీది గీత దగ్గర నిలబెట్టి, సరిగ్గా మీటరు దూరం నుంచి చేతి యంత్రంతో ఒంట్లోంచి వచ్చే రేడియేషన్ కొలిచేవాళ్ళం. ఆ అంకె రోజుకెంత తగ్గుతోందో చూసి, మందు ఒంట్లో ఎన్నాళ్ళు నిలిచింది, జబ్బుకెంత తగిలింది అని కాగితం మీద లెక్క కట్టేవాళ్ళం. అంతా అంచనాయే అనుకోండి.

ఆ గదిలోకి ఒకసారి మా అత్తగారే వచ్చి పడ్డారు. మంగళగిరి మనిషి, నలభై కిలోలు ఉంటారేమో, నా పెళ్ళయిన పదిహేనేళ్ళలో నా ఎదుట నిలబడింది లేదు, నాతో నేరుగా మాట్లాడింది లేదు, కాఫీ కావాలో వద్దో కూడా తలుపు చాటునుంచి మా ఆవిడ చేత అడిగించేవారు. మన కాలం వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. డాక్టరుగారు నా లెక్క కోసం ఎదురుచూస్తున్నారు. మందు ఒంట్లో నిలిస్తే రెండో విడత మామూలుగానే ఇవ్వొచ్చు, నిలవకపోతే బాగా పెంచాలి, పెంచితే ఎముకల్లో మూలుగ దెబ్బతినొచ్చు, ఆ బక్కప్రాణం తట్టుకుంటుందో లేదో ఎవరికీ తెలియదు.

మొదటి కొలత నర్సు దగ్గరుండి నిలబెట్టడంతో సవ్యంగానే వచ్చింది. రెండో రోజు అంకె ఉన్నట్టుండి పాతాళానికి పోయింది. మూడో రోజు పెరిగింది. పెరగడమేమిటి నా తలకాయ, తాగించిన మందు తగ్గుతుంది గానీ కొత్తగా ఎక్కడినుంచి పుట్టుకొస్తుంది? యంత్రం పాడైందేమోనని ఇంకోటి తెచ్చాను, బ్యాటరీలు మార్చాను, దుప్పటి, దిండు కూడా కొలిచాను, ఇంటికొచ్చి పెరుగన్నంలో పులుసు కలుపుకుని తిట్లు తిన్నాను. భయమేసింది. వేరే రోగి అయితే ఇంత భయం వేసేది కాదని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

నాలుగో రోజు, తలుపు అద్దంలోంచి చూస్తున్న మా ఆవిడ నేను బయటికి రాగానే అంది: "ఏమండీ, మీరు ఆ యంత్రం వంకే చూస్తారు గానీ అమ్మ కాళ్ళ వంక చూడరేం? మీరు రాగానే వెనక్కి జరుగుతోంది."

నిజమే. ఆవిడ నా ముందు నిలబడలేక జరిగేవారు, దూరం పెరిగితే అంకె పడిపోతుంది, నేనేమో అత్తగారి వంక చూడలేక యంత్రంలో తలదూర్చేవాణ్ణి. మూడో రోజు మోకాలి నొప్పివల్ల అంతగా జరగలేకపోయారట, అందుకే అంకె పెరిగింది. రెండో రోజు ఎంత జరిగారో తెలిస్తే లెక్క సరిచేయొచ్చని, గదిలో ఉన్న ఫోనుకి మా ఆవిడ చేత చేయించి అడిగించాను. "అల్లుడుగారి ముందు ఎంత జరగాలో అంతే జరిగానే" అన్నారట. అదెన్ని అంగుళాలో ఏ పుస్తకంలో రాసుంటుంది చెప్పండి?

పాత అంకెలు పనికిరావని డాక్టరుగారి దగ్గర ఒప్పుకుని, ఆ రోజూ మర్నాడూ ఆవిడ్ని గీత మీదే నిలబెట్టి కొలిచి, మధ్యలో ఖాళీని నా ఊహతో పూరించాను. మందు నిలిచినట్టే తేలింది, రెండో విడత పెంచక్కర్లేదన్నారు.

ఆ చివరి కొలత రోజున, లెక్క ఇంకా తేలకముందే, ఆవిడ గీత మీద పాదాలు ఆనించి, తలెత్తి, మొట్టమొదటిసారి నా మొహంలోకి చూశారు.

"నేను బతుకుతానా బాబూ?"

నేను యంత్రంలోకి తల దించాను. "లెక్క చూసి చెబుతానండీ" అన్నాను. ఆవిడ తలూపి, రెండడుగులు వెనక్కి జరిగారు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఉన్నారు. మళ్ళీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పటి రోగులు కుర్చీ ముందుకు లాక్కుని, నాకెంత తగిలింది మేడమ్ అని సూటిగా అడుగుతారు, మా అల్లుడైతే నా భుజం మీద చెయ్యేసి మాట్లాడతాడు, అదంతా బాగానే ఉంది, కాదనను. కానీ ఆవిడ నన్ను అంకె అడగలేదు కదా. బతుకుతారండీ అని ఒక్క మాట ఎందుకనలేకపోయానో, ఎంత ఆలోచించినా నాకు అర్థం కాదు.